పాత ఎపిస్కోపల్ చర్చి రిజిస్టర్లు, పాటల కాగితాలు: స్కానర్ కొనేముందు చేయాల్సిన పనులు

వందనాలండీ. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కనెక్టికట్‌లో మీరు వెళ్లే ఎపిస్కోపల్ సంఘం (ఆంగ్లికన్, అంటే ఇంగ్లాండ్ చర్చి సంప్రదాయానికి అమెరికాలోని శాఖ) 1760లలో మొదలైంది. ఇప్పుడున్న రాతి గుడి 1840లలో కట్టింది. ఆదివారం ఆరాధనకు వచ్చేది 35 మంది. బేస్‌మెంట్‌లో ఒక ఇనుప బీరువా నిండా రిజిస్టర్లు, దాని పక్కన నేల మీద అట్టపెట్టెలు, పైన ఆర్గన్ (పైపుల్లోకి గాలి పంపి పలికించే పెద్ద వాయిద్యం) వెనక గదిలో క్వయర్ (గాయక బృందం) పాటల కాగితాలు, కొన్ని రీల్ టేపులు ఉన్నాయి. రెక్టర్ గారు (సంఘ కాపరి) తాళంచెవి మీ చేతికిచ్చి చూడమన్నారు. వెస్ట్రీ (సంఘం పాలక కమిటీ) వాళ్లు 600 డాలర్లు మంజూరు చేశారు. ఏ స్కానర్ కొనాలి, టేపులు ఎలా వినాలి, ఎవరూ పాడని పాటల కాగితాలు తీసేయొచ్చా అని అడిగారు.

స్కానర్ ఇప్పుడే కొనకండి. టేపులు మెషీన్‌కి ఎక్కించకండి. పాటల కాగితాలు ఒక్కటి కూడా చెత్తలోకి పోనివ్వకండి. ఎందుకో, ఏం చేయాలో వివరంగా రాస్తాను, కొంచెం ఓపికగా చదవండి.

నేను వర్జీనియాలో ఒక పాత ఎపిస్కోపల్ సంఘంలో 19 ఏళ్లుగా ఈ పని జీతం లేకుండా చేస్తున్నాను. పుట్టి పెరిగింది నంద్యాల దగ్గర, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) గుడిలో. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఎపిస్కోపల్ ఆరాధన చూసి ఇంటికి వచ్చినట్టనిపించింది. దానికి కారణం ఉంది. మా నంద్యాల, ముత్యాలపాడు వైపు పనిచేసిన ఎస్.పి.జి. మిషనరీ సొసైటీ 1701లో లండన్‌లో పుట్టింది. అమెరికా స్వతంత్రం కాకముందు కనెక్టికట్‌లో ఆంగ్లికన్ సంఘాలను నిలబెట్టింది కూడా ఆ సొసైటీ పంపిన అయ్యగార్లే (పాదిరీలే). మీ సంఘం 1760లలో మొదలైందంటే దాని తొలి అయ్యగారు వాళ్లలో ఒకరై ఉండే అవకాశం ఎక్కువ. ఈ సంగతి మీకు తర్వాత పనికొస్తుంది, మళ్లీ చెబుతాను.

మొదటి పని మనుషులతో. కాగితం పొడిగా ఉంటే ఇంకో రెండేళ్లు ఆగుతుంది. 88 ఏళ్ల ఆల్టో (కింది స్థాయి స్త్రీ గొంతు) గాయని ఆగలేరు. 1950లు, 60లలో మీ క్వయర్‌లో పాడినవాళ్లు, ఆర్గన్ మోటారు బాగు చేయించినవాళ్లు, ఆల్టర్ (బలిపీఠం) గుడ్డలు ఇస్త్రీ చేసినవాళ్లు ఎవరు మిగిలారో రెక్టర్ గారిని అడిగి పేర్లు రాసుకోండి. గుడికి రాలేక నర్సింగ్ హోముల్లో ఉన్నవాళ్లను ముందు కలవండి. గుడికి వచ్చేవాళ్లు వచ్చే నెల కూడా దొరుకుతారు.

"మీ జ్ఞాపకాలు చెప్పండి" అని అడిగితే ఎవరూ ఏమీ చెప్పలేరు. చేతిలో ఒక వస్తువు పెట్టాలి. పాత హిమ్నల్ (పాటల పుస్తకం) తీసుకెళ్లండి, ఒక ఈస్టర్ బులెటిన్ (ఆ రోజు ఆరాధన క్రమం ఉన్న కాగితం) తీసుకెళ్లండి, క్వయర్ ఫోటో ఉంటే దాని నకలు తీసుకెళ్లండి. మా సంఘంలో బైబిల్ కీర్తనల పాత పుస్తకంలో ఒక కీర్తన పక్కన పెన్సిల్‌తో ఎస్ అనే అక్షరం ఉండేది. నెమ్మదిగా పాడమని గుర్తు కాబోలు అనుకున్నాం. 1940ల నుంచి పాడిన ఒక పెద్దావిడకు చూపిస్తే, అది సోప్రానోలు (పై స్థాయిలో పాడే స్త్రీలు) మాత్రమే పాడే వచనమని చెప్పి, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, ఆ వచనం మొత్తం పాడి వినిపించారు. ఆ చాంట్ (కీర్తన పాడే చిన్న వరస) ఎవరు కట్టారని అడిగితే అప్పటి ఆర్గనిస్ట్ సొంతంగా రాసుకున్నదని చెప్పారు. అది ఏ పుస్తకంలోనూ లేదు. ఆవిడ తర్వాతి చలికాలంలో చనిపోయారు. మా దగ్గర ఇప్పుడు ఉన్నది ఆ నాలుగు నిమిషాల రికార్డింగ్.

దానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. మీ ఫోన్ చాలు. రికార్డింగ్ యాప్‌లో వేవ్ ఫార్మాట్ ఎంచుకోండి, ఫ్రిజ్ శబ్దం లేని గదిలో కూర్చోండి, ఫోన్ మాట్లాడే మనిషికి మూరెడు దూరంలో మెత్తటి గుడ్డ మీద పెట్టండి. మొదట మీ పేరు, వాళ్ల పేరు, తేదీ, ఊరు పైకి చెప్పండి. ఈ రికార్డింగ్ సంఘం దాచుకోవచ్చు, ఇతరులకు వినిపించవచ్చు అని ఒక చిన్న అనుమతి కాగితం మీద సంతకం తీసుకోండి. ఇది మొహమాటపడి వదిలేస్తారు చాలామంది. పదేళ్ల తర్వాత ఆ రికార్డింగ్ ఎవరికీ వినిపించలేని పరిస్థితి వస్తుంది.

రెండో పని, దేన్నీ కదపకముందు ఫోటోలు. బీరువా తలుపు తీయగానే ఎలా ఉందో అలాగే ఒక ఫోటో. ప్రతి అరకూ ఒకటి. ప్రతి పెట్టె మూత తీసి పైనుంచి ఒకటి. పెట్టెలకు పెన్సిల్‌తో అంకెలు వేయండి. సర్దకండి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే మొదటి ఏడాది నేను తప్పు చేశాను. మా క్వయర్ గదిలో కాగితాలు గజిబిజిగా ఉన్నాయని అన్నిటినీ పాట పేరు ప్రకారం అక్షరక్రమంలో పెట్టాను. రెండు వారాలు పట్టింది, చూడటానికి బాగుంది కూడా. తర్వాత తెలిసింది, అవి ఆర్గనిస్ట్ పండుగల వరసలో, ఏ ఏడాది కట్ట ఆ ఏడాదిగా కట్టి పెట్టుకున్నారని. 1930ల నుంచి ప్రతి క్రిస్మస్‌కి, గుడ్ ఫ్రైడేకి మా గుడిలో ఏం పాడారో ఆ కట్టలే చెప్పేవి. వాటిని నా చేత్తోనే విప్పేశాను. ఇప్పటికీ పూర్తిగా తిరిగి కట్టలేకపోయాను. ఒక కాగితం ఎంత ముఖ్యమో, అది దేని పక్కన ఉందన్నదీ అంతే ముఖ్యం.

ఇక రిజిస్టర్లు. మన పాస్టరేట్‌లలో (ఒక పాస్టర్ కింద ఉండే సంఘాల్లో) లాగే ఇక్కడా బాప్తిస్మాలు, కన్ఫర్మేషన్లు (విశ్వాస దృఢీకరణలు), పెళ్లిళ్లు, సమాధి కార్యక్రమాలు రాసే పారిష్ రిజిస్టర్ ఉంటుంది. వెస్ట్రీ మీటింగుల మినిట్స్ పుస్తకాలు వేరు. వీటితోపాటు ఆరాధనల రిజిస్టర్ అని ఇంకోటి ఉంటుంది. దాన్ని చాలామంది పట్టించుకోరు. ప్రతి ఆదివారం తేదీ, ఎవరు ఆరాధన జరిపారు, ఎంతమంది వచ్చారు, ఎంతమంది ప్రభు భోజన సంస్కారం తీసుకున్నారు, పక్కన చిన్న గడిలో ఏదైనా విశేషం. ఆ చిన్న గడిలోనే సంఘం బతుకు కనిపిస్తుంది. మంచు ఎక్కువగా కురిసింది, బాయిలర్ పనిచేయలేదు, ఆర్గనిస్ట్ జబ్బుపడ్డారు. 1918 శరదృతువులో ఇన్‌ఫ్లూయెంజా వచ్చినప్పుడు చాలా ఊళ్లలో గుళ్లు మూయించారు. మీ రిజిస్టర్‌లో ఆ అక్టోబర్ పేజీ తీసి చూడండి.

1760ల నాటి రిజిస్టర్ మీ బీరువాలో లేకపోతే పోయిందని నిర్ణయానికి రాకండి. ఎస్.పి.జి. సంగతి మళ్లీ చెబుతానన్నాను కదా. అప్పటి అయ్యగార్లు లండన్‌కు ఉత్తరాలు రాసేవారు, ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చారో లెక్కలు పంపేవారు. ఆ సొసైటీ పాత కాగితాలు ఇంగ్లాండ్‌లో భద్రంగా ఉన్నాయి, చాలా భాగం ఆక్స్‌ఫర్డ్‌లో. వాటి మైక్రోఫిల్ములు అమెరికాలో పెద్ద లైబ్రరీల్లో దొరుకుతాయి. పేర్లు దొరక్కపోవచ్చు, లెక్కలు, గొడవలు, పైకప్పు కారిన సంగతులు దొరుకుతాయి. 1800ల నుంచి అయితే ప్రతి సంఘమూ ఇచ్చే వార్షిక లెక్కలు డయోసిస్ (ఒక బిషప్ కింద ఉండే సంఘాల సమూహం) కన్వెన్షన్ (సభ) జర్నల్‌లో అచ్చయ్యేవి. వాటిలో చాలా ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. ఒక సాయంత్రం కూర్చుని మీ ఊరి పేరుతో వెతకండి.

మీ రాష్ట్రానికి ఇంకో ప్రత్యేకత ఉంది. అమెరికా స్వతంత్ర యుద్ధం ముగిశాక ఇక్కడి ఆంగ్లికన్లకు బిషప్ లేకపోతే, 1783లో కనెక్టికట్ అయ్యగార్లు శామ్యూల్ సీబరీ గారిని ఎన్నుకున్నారు. ఆయన ఇంగ్లాండ్‌లో రాజుకు విధేయత ప్రమాణం చేయలేక, స్కాట్లాండ్ వెళ్లి 1784 నవంబర్ 14న అబర్దీన్‌లో బిషప్‌గా అభిషేకం పొందారు. అమెరికన్ ఎపిస్కోపల్ సంఘానికి తొలి బిషప్ ఆయనే. 1789లో దేశమంతటి సంఘం ఒక నియమావళి కిందికి వచ్చింది. అందుకని మీ మినిట్స్ పుస్తకంలో 1780ల పేజీలు ఉంటే, వాటిని ముట్టుకునే ముందు డయోసిస్ ఆర్కివిస్ట్‌తో (పాత రికార్డులు చూసుకునేవారితో) మాట్లాడండి.

పాత బాప్తిస్మ రిజిస్టర్లు చదివేటప్పుడు ఒక విషయానికి మనసు సిద్ధం చేసుకోండి. బానిసత్వం దక్షిణాది సంగతే అనుకుంటారు. కనెక్టికట్‌లో అది పూర్తిగా రద్దయింది 1848లో. అంతకుముందు పేజీల్లో ఇంటిపేరు లేకుండా ఒక్క పేరు, దాని పక్కన ఫలానావారి దాసుడు లేదా దాసి అని కనిపించవచ్చు. మా వర్జీనియా పుస్తకాల్లో అలాంటి వరసలు చాలా ఉన్నాయి. ఆ ఒక్క గీత తప్ప ఆ మనిషి ఈ భూమ్మీద బతికినట్టు ఇంకెక్కడా రాసి ఉండకపోవచ్చు. 2006లో ఎపిస్కోపల్ జనరల్ కన్వెన్షన్ (మొత్తం సంఘపు మహాసభ) బానిసత్వంలో తమ సంఘం పాత్ర గురించి డయోసిస్‌లన్నీ పరిశోధించాలని తీర్మానించింది. 2008 అక్టోబర్‌లో ఫిలడెల్ఫియాలోని సెయింట్ థామస్ ఆఫ్రికన్ ఎపిస్కోపల్ చర్చిలో పశ్చాత్తాప ఆరాధన జరిగింది. అది 1790లలో ఆబ్సలోమ్ జోన్స్ గారు స్థాపించిన సంఘం. ఆయన పుట్టుకతో బానిస, తర్వాత ఎపిస్కోపల్ సంఘంలో తొలి నల్లజాతి అయ్యగారు అయ్యారు.

కాబట్టి మీ రిజిస్టర్‌లో అలాంటి పేర్లు ఉంటే ముందు వాటి జాబితా రాయండి, పేజీ నంబరుతో సహా. స్పెల్లింగ్ సరిదిద్దకుండా పుస్తకంలో ఎలా ఉంటే అలాగే. వాళ్ల మునిమనవళ్లు వెతుక్కుంటూ వస్తారు. మా గుడికి ఒక కుటుంబం అలా వచ్చింది. వాళ్ల అమ్మమ్మ చెప్పిన ఒక్క పేరు పట్టుకుని వచ్చారు. ఆ పేరు మా జాబితాలో దొరికింది. ఆ పేజీ మీద చేయి పెట్టవచ్చా అని అడిగారు. పెట్టమన్నాను.

ఇప్పుడు కాగితం సంగతి. పాత చేతిరాత గోధుమరంగులో కనిపిస్తుందంటే అది ఇనుము కలిసిన ఇంకు. మొదట్లో నల్లగా ఉండి కాలం గడిచేకొద్దీ రంగు మారుతుంది. తేమ తగిలితే కాగితాన్ని తినేస్తుంది, అక్షరాలున్న చోట చిల్లులు పడతాయి. అందుకే మీ 600 డాలర్లలో మొదటి ఖర్చు తేమ కొలిచే చిన్న మీటర్, రెండో ఖర్చు డీహ్యూమిడిఫైయర్. గాలిలో తేమ 35 నుంచి 50 శాతం మధ్య, వేడి 70 డిగ్రీల ఫారన్‌హీట్ లోపు ఉండాలి. అంకె కంటే ముఖ్యం అది రోజురోజుకీ పైకీ కిందికీ ఊగకపోవడం. బేస్‌మెంట్‌లో అది కుదరకపోతే రిజిస్టర్లను పైన లోపలి గదికి మార్చండి. బయటి గోడకు ఆనించకండి. నేల మీద ఉన్న అట్టపెట్టెలను మాత్రం ఈ వారమే అరచేతి వెడల్పు ఎత్తయినా పైకి లేపండి. పైపు పగిలితే మొదట పోయేవి అవే. ఎప్పుడైనా తడిసిపోతే టెన్షన్‌లో హీటర్ ముందు ఆరబెట్టకండి. 48 గంటలు దాటితే బూజు పడుతుంది, ఆ లోపు ఆరబెట్టలేనంత ఉంటే మైనపు కాగితంలో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టి, నిపుణులకు ఫోన్ చేయండి.

సెల్లోటేపు, జిగురు, లామినేషన్, ఈ మూడూ గుడి గుమ్మం దాటి లోపలికి రాకూడదు. 1930ల నుంచి కొన్ని దశాబ్దాలు వర్జీనియాలో విలువైన కాగితాలను ప్లాస్టిక్ పొరల మధ్య పెట్టి వేడితో అతికించేవారు. అప్పట్లో అది శాస్త్రీయ పద్ధతి. ఇప్పుడు ఆ పొరలను విడదీయడానికి ఒక్కో పేజీకి బోలెడంత ఖర్చవుతోంది. తుప్పుపట్టిన జెమ్ క్లిప్పులు, రబ్బర్ బ్యాండ్లు మెల్లగా తీసేయండి. ఆమ్లం లేని ఫోల్డర్లు, పెట్టెలు కొనండి. గ్లవ్స్ పాత ఫోటోలు పట్టుకునేటప్పుడు మాత్రమే. పుస్తకాలకు సబ్బుతో కడిగి బాగా ఆరిన చేతులే మేలు, గుడ్డ గ్లవ్స్‌తో పేజీ అంచు తెలియక చింపేస్తాం. దగ్గర పెన్నులు ఉంచుకోవద్దు, పెన్సిల్ మాత్రమే. బూజు కనిపిస్తే దులపకండి, ఆ పుస్తకాన్ని వేరే సంచిలో పెట్టి డయోసిస్‌కి చెప్పండి.

స్కానింగ్ ఆ తర్వాత. కాగితం లోపలికి లాక్కునే స్కానర్ ఈ పనికి పనికిరాదు. పుస్తకాన్ని బోర్లించి నొక్కే స్కానర్ కూడా కుట్లు తెంపుతుంది. పైనుంచి ఫోటో తీసే కెమెరా స్టాండ్, రెండు దీపాలు, పుస్తకం పూర్తిగా తెరుచుకోకుండా ఆపే దిండ్లు ఉంటే చాలు. అట్ట నుంచి అట్ట దాకా, ఖాళీ పేజీలతో సహా తీయండి. 400 డి.పి.ఐ. (అంగుళానికి 400 చుక్కలు) రంగులో, టిఫ్ అనే రకం ఫోటో ఫైళ్లుగా. ఫైల్ పేరులో పుస్తకం అంకె, పేజీ అంకె ఉంటే తర్వాత వెతకడం సులువు. మూడు నకళ్లు ఉండాలి, వాటిలో ఒకటి వేరే ఊళ్లో. ఆన్‌లైన్‌లో పెట్టే నిర్ణయం మీది కాదు, వెస్ట్రీదీ కాదు. డయోసిస్ నియమం అడగండి. ఇటీవలి బాప్తిస్మాల్లో దత్తత విషయాలు, తండ్రి పేరు లేని పిల్లల వివరాలు ఉంటాయి, ఆ మనుషులు ఇంకా బతికే ఉంటారు.

ఇక సంగీతం. నాకు ప్రాణం ఇదే, అందుకే దీని గురించి ఎక్కువ రాస్తాను.

మా అమ్మ చేతిలో ఉండే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. అంతే. పాట వరస మనుషుల గొంతుల్లో ఉంటుంది. ఒకే కీర్తన మా ఊళ్లో ఒక తీరుగా, పక్క పాస్టరేట్‌లో ఇంకో తీరుగా పాడేవారు. అమెరికన్లు నొటేషన్ రాసుకునేవాళ్లు కదా, వాళ్లకా సమస్య ఉండదనుకున్నాను. ఉంది. 1892లో వచ్చిన ఎపిస్కోపల్ హిమ్నల్‌లో సంఘం ఆమోదించింది పాటల మాటలను మాత్రమే. స్వరాలు వేసి అచ్చు వేసింది వేర్వేరు సంపాదకులు. ఒకే పాటకు ఒక్కో ప్రచురణలో ఒక్కో ట్యూన్. కాబట్టి 1900లో మీ గుడిలో ఒక పాట ఎలా వినిపించేదో తెలియాలంటే మీ గుడి ఏ సంపాదకుడి పుస్తకం కొన్నదో తెలియాలి. అటక మీద చిరిగిపోయిన ఒక్క కాపీ ఉన్నా చాలు, దాన్ని దాచండి. హిమ్నల్ పేరులోని ఏడాది చూసి తేదీలు వేసేటప్పుడు జాగ్రత్త. 1940 హిమ్నల్ చేతికి వచ్చింది 1943లో, 1982 హిమ్నల్ 1985లో.

బైబిల్ కీర్తనలు చాంట్ చేసే పద్ధతి ఇంకా సున్నితం. 1979 ప్రార్థనల పుస్తకం వచ్చినప్పుడు కీర్తనల అనువాదం మారింది. పాత మాటలకు తగ్గట్టు ఎక్కడ ఆగాలి, ఏ అక్షరం మీద స్వరం మారాలి అని పెన్సిల్‌తో పెట్టుకున్న గుర్తులన్నీ ఒక్కసారిగా వాడుకలోంచి పోయాయి. మీ ఆర్గన్ వెనక గదిలో అలాంటి గుర్తులున్న పుస్తకం దొరికితే అది మీ దగ్గరున్న అరుదైన వస్తువుల్లో ఒకటి. రబ్బరుతో తుడవకండి. చెబుతున్నానంటే చూశాను కాబట్టే. ఒక సంఘంలో మంచి మనసుతోనే స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు పాత కాపీలను "శుభ్రం" చేశారు. అచ్చయిన పాట ఏ లైబ్రరీలోనైనా దొరుకుతుంది. తుడిచేసింది మాత్రం ఎక్కడా దొరకదు.

క్వయర్ పాటల కాగితాలు ఒక్కో పాటకు 20, 30 కాపీలు ఉంటాయి. అన్నీ ఉంచడానికి స్థలం లేదంటారు, నిజమే. అప్పుడు ఇలా చేయండి. ప్రతి పాటకూ ఆర్గనిస్ట్ వాడిన కాపీ, ఎక్కువ గుర్తులున్న ఇంకో కాపీ, పాడినవాళ్లు వెనక పేర్లు, తేదీలు రాసుకున్న కాపీ ఉంటే అది, ఈ మూడు ఉంచండి. మిగిలినవి వెస్ట్రీ అనుమతితో వేరే క్వయర్‌కు ఇవ్వొచ్చు. చేత్తో రాసిన స్వరాలు మాత్రం ఒక్క ముక్క కూడా వదలకండి. డబుల్ ఆమెన్ (రెండుసార్లు పాడే ఆమెన్), చిన్న చాంట్, పాటకు కట్టిన డెస్కాంట్ (పాట మీద పై స్థాయిలో పాడే అదనపు వరస), ఇవన్నీ ఆయా ఆర్గనిస్టులు ఆ గుడి కోసమే రాసినవి. ఎవరు రాశారో పాత బులెటిన్లతో, జీతాలు రాసిన ట్రెజరర్ పుస్తకాలతో పోల్చి కనుక్కోవచ్చు. కాపీరైట్ గురించి ఒక్క మాట. అమెరికాలో అచ్చయి 95 ఏళ్లు దాటిన సంగీతాన్ని స్వేచ్ఛగా ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. మిగిలినవి స్కాన్ చేసి దాచుకోవడం వేరు, అందరికీ పంచడం వేరు.

టేపులు. 1970లు, 80ల నాటి కొన్ని రకాల టేపుల్లో జిగురు పొర తేమ పీల్చుకుని అతుక్కుపోతుంది. వాటిని మెషీన్‌కి ఎక్కిస్తే శబ్దం ఉన్న పొరే ఊడి వచ్చేస్తుంది. ఒక్కసారి వినాలన్న ఆత్రంలో శాశ్వతంగా పోతుంది. పెట్టెల మీద రాసినది ఫోటో తీయండి, నిలువుగా నిలబెట్టండి, ఆరిన గదిలో ఉంచండి. ఆ పని తెలిసిన సంస్థలు తగిన పద్ధతిలో తక్కువ వేడి మీద ఆరబెట్టి డిజిటల్‌లోకి మారుస్తాయి. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైల్ అడగండి. డబ్బు చాలకపోతే ముందు మీ ఆర్గన్, మీ క్వయర్ ఉన్న టేపులు. అయ్యగారి ప్రసంగాలు తర్వాత. ప్రసంగం కాగితం మీద కూడా దొరికే వీలుంది. క్వయర్ శబ్దం ఇంకెక్కడా దొరకదు.

ఆర్గన్ గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి, ఎందుకంటే 35 మంది సంఘంలో ఎప్పుడో ఒక రోజు "ఎలక్ట్రానిక్‌ది కొనుక్కుందాం" అనే మాట వస్తుంది. ఆ మాట రాకముందే స్టాప్ నాబ్‌లన్నిటినీ (ఏ పైపుల వరస పలకాలో ఎంచుకునే పిడులను) వరసగా ఫోటో తీయండి. పేరు పలక, ఓపస్ నంబరు (తయారు చేసినవాళ్లు వేసే వరస అంకె) ఉంటే రాసుకోండి. ఆర్గన్ హిస్టారికల్ సొసైటీ 1956 నుంచి ఈ పనిలో ఉంది, వాళ్ల పైప్ ఆర్గన్ డేటాబేస్‌లో మీ ఆర్గన్ ఉందేమో చూడండి, లేకపోతే చేర్చండి. ఒక్కో స్టాప్‌నూ విడిగా, కింది నుంచి పైదాకా వాయించి రికార్డు చేయండి. గుడి ఖాళీగా ఉన్న రోజు ఆర్గనిస్ట్ కూర్చుంటే ఒక పూట పని. ఆర్గన్ తీసేయక తప్పకపోతే, పైపులు తుక్కుకు అమ్మకుండా ఆర్గన్ క్లియరింగ్ హౌస్ లాంటి వాళ్లతో మాట్లాడండి. పాత ఆర్గన్లను ఇంకో గుడికి చేర్చడమే వాళ్ల పని.

చేతులు మారితే ఆర్గన్ బతుకుతుందనడానికి ఒక నిజమైన కథ ఉంది. బోస్టన్ వర్తకుడు థామస్ బ్రాటిల్ 1713లో చనిపోతూ తన చిన్న ఇంగ్లిష్ ఆర్గన్‌ను తన సంఘానికి రాసిచ్చారు. ఆరాధనలో వాయిద్యం తగదని ఆ సంఘం వద్దంది. అప్పటి ఆంగ్లికన్ కింగ్స్ చాపెల్ దాన్ని తీసుకుంది. తర్వాత న్యూబరీపోర్ట్‌లోని సెయింట్ పాల్స్‌కు, 1836లో న్యూహ్యాంప్‌షైర్ పోర్ట్స్‌మత్‌లోని సెయింట్ జాన్స్ ఎపిస్కోపల్ చర్చికి వెళ్లింది. అమెరికాలో మిగిలిన అతి పాత ఆర్గన్లలో అది ఒకటి. ఇంత దూరం దాని దారి మనకు తెలుస్తోందంటే ప్రతి చోటా ఎవరో ఒకరు ఇచ్చిపుచ్చుకున్న లెక్క రాసిపెట్టారు కాబట్టి.

వాయించినవాళ్ల కథలు కూడా అలాగే దొరుకుతాయి. విలియమ్స్‌బర్గ్ బ్రూటన్ పారిష్‌లో 1750ల నుంచి నలభై ఏళ్లకు పైగా ఆర్గనిస్ట్‌గా చేసిన పీటర్ పెల్హమ్, బతుకుదెరువు కోసం ఆ ఊరి జైలు అధికారిగా కూడా పనిచేశారు. ఆర్గన్ తిత్తులు కొట్టడానికి ఖైదీని తీసుకొచ్చేవారని చెప్పుకుంటారు. మీ ఆర్గనిస్టులు కూడా ఏదో ఒక వేరే పని చేసుకునే ఉంటారు, బడి పంతులో, కొట్టు గుమస్తానో. ట్రెజరర్ పుస్తకంలో జీతం చూస్తే తెలిసిపోతుంది. గంట ఉంటే దాని మీద రాసినది కూడా రాసుకోండి. బోస్టన్ ఓల్డ్ నార్త్ చర్చి గోపురంలో మోగే ఎనిమిది గంటలూ 1744లో ఇంగ్లాండ్‌లోని గ్లాస్టర్‌లో పోత పోసినవని మనకు చెప్పేది వాటి మీది అక్షరాలే. పైకి ఎక్కేటప్పుడు ఒంటరిగా వెళ్లకండి, పాత నిచ్చెనలను నమ్మలేం.

చివరగా, ఏదీ మీ ఇంటికి తీసుకెళ్లకండి. వర్జీనియాలో స్వతంత్రం తర్వాత గుళ్లకు ప్రభుత్వ ఆదరణ పోయి, 1802 చట్టంతో గుడి మాన్యాలు కూడా అమ్ముడుపోయాయి. చాలా గుళ్లు పాడుబడ్డాయి. అప్పుడు మంచి ఉద్దేశంతో ఇళ్లకు తీసుకెళ్లిన పుస్తకాల్లో కొన్ని దశాబ్దాల తర్వాత బయటపడ్డాయి, చాలా అసలు బయటపడనేలేదు. రిజిస్టర్లు, మినిట్స్ సంఘానివి, సంఘం మూతపడితే డయోసిస్ ఆర్కైవ్స్‌కు చేరాలి. ఊరి హిస్టారికల్ సొసైటీ అడిగినా రాతపూర్వక ఒప్పందం లేకుండా ఇవ్వకండి. ఎపిస్కోపల్ హిస్టోరియన్లు, ఆర్కివిస్టుల జాతీయ సంఘం ఒకటి ఉంది, అందులో మీలాంటి స్వచ్ఛంద సేవకులే ఎక్కువ. చేరండి. ప్రశ్నలుంటే వాళ్లను అడగొచ్చు.

ఈ వారం మీరు చేయాల్సింది మాత్రం తక్కువ. అట్టపెట్టెలు నేల మీదనుంచి లేపడం, బీరువా ఫోటోలు తీయడం, ఆ పెద్దావిడల్లో ఒకరికి ఫోన్ చేయడం. టేపు పెట్టెల మీది రాతల ఫోటోలు ఇక్కడ పెడితే ఏ కంపెనీ టేపులో చూసి, ఏవి ముందు పంపాలో చెబుతాను.